సాయంత్రపు పని సురక్షితమేనా? వేసవి పొలం పనివేళలపై పునరాలోచన

ఏప్రిల్, మే నెలలలో తెలుగు రాష్ట్రాల రైతుకు ఒకే రోజున రెండు హెచ్చరికలు అందడం అరుదేమీ కాదు. ఉదయం అందే సందేశం వడగాలులను గురించినది. మధ్యాహ్నం పొలంలో ఉండరాదని, పనులను ఉదయం గాని సాయంత్రం గాని చేసుకోవాలని అది చెబుతుంది. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత అందే సందేశం పిడుగులను గురించినది. ఉరుములతో కూడిన వర్షం రానున్నదని, ఆరుబయట ఉండరాదని అది చెబుతుంది. వేర్వేరుగా చదివినప్పుడు ఈ రెండింటిలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. కాని మొదటి సందేశాన్ని నమ్మి ఎండ వేళ ఇంటిపట్టున ఉండి, నాలుగు గంటలకు కొడవలి పుచ్చుకొని చేనికి వెళ్లిన కూలీ, రెండవ సందేశం వచ్చే సమయానికి చేను నడుమ ఉంటుంది. ఎండ నుండి కాపాడవలసిన సలహాయే ఆమెను పిడుగు వేళకు పొలంలో నిలబెడుతున్నది. ఈ వైరుధ్యంపై వ్యవసాయ విస్తరణ రంగంలో జరగవలసినంత చర్చ జరగలేదు.

ఈ రెండు ప్రమాదాలు ఒకే రోజున ఎదురుకావడం యాదృచ్ఛికం కాదు. వేసవిలో నేలను ఆనుకొని ఉన్న గాలి వేడెక్కి, తేలికపడి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుండి వచ్చే తేమ గాలులు, లోతట్టు ప్రాంతాల నుండి వీచే పొడి గాలులు కలిసే చోట ఆ గాలి మరింత ఎత్తుకు ఎగసి క్యుములోనింబస్ మేఘమవుతుంది. విదర్భ నుండి దక్షిణంగా తమిళనాడు వైపు ఈ కాలంలో తరచుగా ఏర్పడే ద్రోణి అందుకు తోడ్పడుతుంది. అంటే మధ్యాహ్నపు ఎండయే సాయంత్రపు పిడుగుకు ఇంధనం. నేల పూర్తిగా వేడెక్కిన తరువాత, మధ్యాహ్నం మూడు గంటల నుండి రాత్రి తొలి జాము వరకు, ఉరుముల మేఘాలు ఎక్కువగా ఏర్పడడానికి కారణం ఇదే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించింది. అది నడివేసవి రోజు, కోతల రోజు కూడా.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది, వడదెబ్బకు 730 మంది మరణించారు. మొదటి సంఖ్యను అనుమానించవలసిన అవసరం అంతగా లేదు. పిడుగు సాక్షుల ఎదుట పడుతుంది, శరీరంపై గుర్తు వదులుతుంది. రెండవ సంఖ్యను మాత్రం కనీస సంఖ్యగానే భావించాలి. పొలం నుండి ఇంటికి వచ్చి రాత్రి ప్రాణం విడిచిన వృద్ధ కూలీ మరణం గుండెపోటుగానో, వయోభారంగానో నమోదు కావడం సాధారణం. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వేయి మందికి పైగా మరణించినట్లు ప్రభుత్వాలే ప్రకటించాయి. ఎండలో పని చేయక తప్పని కూలీలు అటువంటి వేసవిలో అందరికన్నా ముందు ప్రమాదంలో పడతారు.

సాయంత్రపు ప్రమాదాన్ని కల్లం వద్ద చూసినంత స్పష్టంగా మరెక్కడా చూడలేము. రబీ వరి కోతలు, మిర్చి ఆరబోత, మొక్కజొన్న, పసుపు – ఇవన్నీ వేసవి తొలి రోజుల నుండి మే వరకు కల్లాలలో, రహదారుల వెంట, కొనుగోలు కేంద్రాల ఆవరణలలో పరచి ఉంటాయి. కోత కోసిన ధాన్యాన్ని సురక్షిత ప్రాంతానికి తరలించాలని, టార్పాలిన్లు కప్పాలని వర్ష సూచన ఉన్న ప్రతిసారీ సలహా వెలువడుతుంది. ఎప్పుడు కప్పాలో అందులో ఉండదు. రైతు మేఘాన్ని చూసి కదులుతాడు. గాలి దుమారం మొదలైన తరువాత ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొని వచ్చి, ఎగిరిపోతున్న పట్టా అంచులను పట్టుకొని, రాళ్లు పేరుస్తూ పది పదిహేను నిమిషాలు ఆరుబయట నిలబడతారు. పిడుగుపాటుకు అత్యంత అనువైన నిమిషాలు సరిగ్గా అవే. మేఘం నెత్తి మీదికి రాకముందే, దానికి పది కిలోమీటర్ల ముందు కూడా పిడుగు పడగలదు. వాన చినుకు పడలేదు కనుక ప్రమాదం మొదలు కాలేదన్న నమ్మకం ఎన్నో ప్రాణాలు తీసింది.

ఇక్కడ రైతును తప్పుపట్టడం అన్యాయం. ఆరు నెలల శ్రమ, అప్పు, కౌలు అన్నీ ఆ రాశిలోనే ఉన్నాయి. తేమ శాతం పెరిగితే కొనుగోలు కేంద్రంలో బస్తా తూకానికి రాదు, తడిసిన మిర్చికి రంగు పోతే ధర సగం పడిపోతుంది. ప్రాణమా, ధాన్యమా అని ప్రశ్నించి ప్రాణమే ముఖ్యమని బోధించడం సులువే. ఆ ప్రశ్న తలెత్తకుండా సలహాను సవరించడమే శాస్త్రవేత్త చేయదగిన పని. ఉరుముల సూచన ఉన్న రోజున మధ్యాహ్నం రెండు గంటలలోపు, ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, రాశులు కప్పి తాళ్లు బిగించాలని సిఫారసు చేయవచ్చు. దానివల్ల మూడు నాలుగు గంటల ఆరుదల నష్టపోతుంది. ఆ నష్టం ఎంతో, ఏ పంటలో ఎన్ని రోజులు ఆలస్యమవుతుందో లెక్క కట్టి చెప్పడం సేద్య విజ్ఞానానికి సాధ్యమైన పని. అటువంటి లెక్క చేతిలో ఉంటే రైతు నిర్ణయం తీసుకోగలడు. లేనప్పుడు మబ్బు పట్టే వరకు ఆగుతాడు.

పనిని ఉదయానికి జరపడమే ఈ రెండు ప్రమాదాలకూ ఉమ్మడి సమాధానంగా కనిపిస్తున్నది. మే నెల నడుమ విజయవాడ ప్రాంతంలో సూర్యోదయం ఐదున్నర ప్రాంతంలో అవుతుంది. ఐదున్నర నుండి పదిన్నర వరకు ఐదు గంటల పని లభిస్తుంది. తెల్లవారుజామున కూడా పిడుగులు పడే సందర్భాలు లేకపోలేదు, కాని సాయంత్రంతో పోలిస్తే లోతట్టు ప్రాంతాలలో అవి తక్కువ. కొన్ని పంటలలో సేద్య శాస్త్రం ఎప్పటి నుండో ఈ మాటే చెబుతున్నది. నువ్వు కోతను ఉదయం పూట చేస్తే కాయలు పగిలి గింజ రాలడం తగ్గుతుంది. పెసర, మినుము విషయంలోనూ అంతే. మామిడి కాయను చల్లని వేళ కోస్తే కాయలో నిలిచిన వేడి తగ్గి నిల్వకు మేలు చేస్తుంది. ఈ సిఫారసులలో పంట లాభం మాత్రమే రాసి ఉన్నది. కోసే మనిషికి కలిగే లాభాన్ని కూడా పక్కనే ఒక వాక్యంగా చేర్చితే సరిపోతుంది.

అన్ని పనులూ ఇంత సులువుగా ఉదయానికి ఒదగవు. సస్యరక్షణ మందుల పిచికారీ అందుకు ఉదాహరణ. పూత దశలో ఉన్న పంటలో తేనెటీగలు ఉదయం వేళ ఎక్కువగా తిరుగుతాయి కనుక, వాటిని కాపాడుకోవడానికి సాయంత్రపు పిచికారీనే శాస్త్రవేత్తలు సూచిస్తారు. ఆ సూచన సరైనదే. కాని ఉరుముల సూచన ఉన్న సాయంత్రం వీపున పంపు తగిలించుకొని చేలో నిలబడడం ప్రమాదకరం, పైగా వాన పడితే మందు కొట్టుకుపోతుంది. అటువంటి రోజున ఉదయానికి మార్చడం కన్నా పిచికారీని ఒకటి రెండు రోజులు వాయిదా వేయడమే మేలు. అలాగే పగటి ఎండలో రక్షణ దుస్తులు ధరించి మందు కొట్టడం దాదాపు అసాధ్యం, ధరించకుండా కొట్టడం విషప్రాయం. ఎండ వేళ పిచికారీ చేసిన వ్యక్తి వాంతులతో, తలతిరుగుడుతో, మాట తడబడుతూ పడిపోతే అది వడదెబ్బయో, ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావమో వెంటనే తెలియదు. నోటి వెంట చొంగ, సూదిమొనలా కుంచించుకుపోయిన కనుపాపలు విషప్రభావాన్ని సూచిస్తాయి. మందు డబ్బాను కూడా వెంట తీసుకువెళ్తే వైద్యునికి సగం పని తేలికవుతుంది.

ఉష్ణోగ్రత అంకెను గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. బులెటిన్‌లో ప్రకటించే గరిష్ఠ ఉష్ణోగ్రత స్టీవెన్‌సన్ స్క్రీన్ లోపల, నీడలో కొలిచినది. చేలో వంగి పని చేసే మనిషిపై పడే సూర్యకిరణాల వేడి, నేల నుండి ఎగసే సెగ ఆ అంకెలో లేవు. తేమ ప్రభావమూ లేదు. వడగాలుల ప్రకటనకు భారత వాతావరణ విభాగం మైదాన ప్రాంతాలలో కనీసం 40 డిగ్రీలు, తీర ప్రాంతాలలో 37 డిగ్రీలు ఉండాలని, దానితో పాటు సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరగాలని నిర్ణయించింది. తీరానికి వేరే హద్దు పెట్టడంలోనే తేమను పరిగణించవలసిన అవసరం కనిపిస్తుంది. 15 శాతం తేమతో 43 డిగ్రీలున్న లోతట్టు గ్రామంలో తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 23 డిగ్రీలు. 55 శాతం తేమతో 37 డిగ్రీలు మాత్రమే ఉన్న తీర గ్రామంలో అది సుమారు 29 డిగ్రీలు. చెమట ఆవిరైతేనే శరీరం చల్లబడుతుంది కనుక, అంకె చిన్నదైనా కృష్ణా డెల్టా కూలీకి కలిగే శ్రమ రామగుండం కూలీ శ్రమకు తీసిపోదు. ఒక్కొక్కప్పుడు మించుతుంది. పత్రికలు మాత్రం పెద్ద అంకె ఉన్న ఊరినే ప్రచురిస్తాయి.

దీనిని కొలవడానికి వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రత అనే సూచిక ఉన్నది. ఆరుబయట దానిని లెక్కించేటప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రతకు 0.7, నల్లగోళపు ఉష్ణోగ్రతకు 0.2, సాధారణ గాలి ఉష్ణోగ్రతకు 0.1 చొప్పున ప్రాధాన్యం ఇస్తారు. పరిశ్రమలు, సైనిక శిక్షణ, క్రీడలు దీనిని వాడుతున్నాయి. పాడి పశువుల ఉష్ణ ఒత్తిడికి ఉష్ణోగ్రత–తేమ సూచికను పశు విజ్ఞానం దశాబ్దాలుగా వాడుతున్నది. గేదెకు ఏ వేళ నీళ్లు చల్లాలో చెప్పే సలహా దొరుకుతుంది, ఆ గేదెకు గడ్డి కోసే మనిషి ఏ వేళకు పని ఆపాలో చెప్పే సలహా సులభంగా దొరకదు. వాతావరణ పరిశీలన కేంద్రాలున్న పరిశోధన క్షేత్రాలలో ఒక నల్లగోళాన్ని అమర్చడం పెద్ద ఖర్చు కాదు.

వేకువనే పని మొదలుపెట్టాలని చెప్పేవారు ఆ వేకువకు ముందు ఇంట్లో జరిగే పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఐదున్నరకు చేలో ఉండవలసిన స్త్రీ మూడున్నరకు లేచి వంట ముగించాలి, చీకటిలో ఆటో ఎక్కాలి, పసిపిల్లను అంగన్‌వాడీ తెరిచే వరకు ఎవరికో అప్పగించాలి. నిద్ర తగ్గిన శరీరం వేడిని తట్టుకునే శక్తినీ కోల్పోతుంది. చేలో మరుగు లేకపోవడం వల్ల స్త్రీలు కావాలనే నీరు తక్కువగా తాగుతారన్నది విస్తరణ కార్యకర్తలందరికీ తెలిసినదే. అయినా సలహా పత్రంలో తరచుగా నీరు తాగాలన్న వాక్యం మాత్రమే ఉంటుంది. కష్టమైన పనిలో ఉన్నవారు పావుగంట, ఇరవై నిమిషాలకు ఒకసారి గ్లాసుడు నీరు తాగాలన్నది అంగీకృత ప్రమాణం. ఆ వాక్యం అమలు కావాలంటే చేను గట్టున నీటి కుండతో పాటు నాలుగు గుంజలకు కట్టిన ఒక తడిక కూడా ఉండాలి.

కూలి విధానం మరొక అడ్డంకి. మిర్చి కోతకు కిలో లెక్కన, వరి కోతకు ఎకరం గుత్త లెక్కన చెల్లించే చోట ఎవరూ తమంతట తాము పని ఆపరు. ముఠా మేస్త్రి “ఇంకొక్క సాలు అయిపోతే వెళ్లిపోదాం అక్కా” అంటే, ఆ ఒక్క సాలు పన్నెండు గంటల ఎండలోకి గాని, మెరుపుల్లోకి గాని సాగుతుంది. కర్నూలు ప్రాంతం నుండి గుంటూరు, పల్నాడు చేలకు మిర్చి కోతకు వలస వచ్చే కుటుంబాల పరిస్థితి ఇంకా కష్టం. కొత్త వేడికి శరీరం అలవాటు పడడానికి ఒకటి నుండి రెండు వారాలు పడుతుంది, వారు మాత్రం దిగిన మరునాటి నుండే పూర్తి పని చేస్తారు. చేను పక్కన వేసుకున్న టార్పాలిన్ గుడారం ఎండను పూర్తిగా ఆపదు, పిడుగును అసలే ఆపదు. మొదటి వారంలో పని గంటలు తగ్గించడానికి యజమాని ఒప్పుకోవాలంటే కోత ఖర్చు లెక్కలలో దానిని ఒక పద్దుగా చూపవలసి ఉంటుంది. సాగు ఖర్చుల సర్వేలలో విత్తనం, ఎరువు, కూలి పద్దులున్నాయి. విశ్రాంతికి పద్దు లేదు.

ఉరుము వినిపించిన తరువాత ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు గ్రామాలలో ఇప్పటికీ వినిపించే సమాధానం చెట్టు. పొలంలో నీడ ఇచ్చేది అదొక్కటే కనుక అలవాటుగా కాళ్లు అటే నడుస్తాయి. ఒంటరిగా నిలిచిన వేప, తుమ్మ, తాడి చెట్లపై పిడుగు పడినప్పుడు విద్యుత్తు కాండం నుండి పక్కన ఉన్న మనిషి మీదికి దూకుతుంది. నేలలోకి దిగినది వేళ్ల వెంట నలువైపులా పాకుతుంది. అడుగుకు అడుగుకు మధ్య ఏర్పడే వోల్టేజి తేడా వల్ల విద్యుత్తు ఒక కాలి గుండా ఎక్కి మరొక కాలి గుండా దిగుతుంది. ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ కనుక పశువులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చెట్టు కింద గుమిగూడిన గొర్రెల మంద ఒక్కసారిగా నేలకూలడానికి కారణం ఇదే. కాపరి కూడా మంద మధ్యనే ఉంటాడు.

ఉరుము వినగానే అర్జునుని పది పేర్లు తలచుకొమ్మని పెద్దలు పిల్లలకు నేర్పేవారు. ఆ అలవాటును ఎగతాళి చేయవలసిన పని లేదు, వాడుకోవచ్చు. మెరుపు మెరిసిన క్షణం నుండి ఆ పది పేర్లు నిదానంగా పలకడానికి సుమారు పది సెకన్లు పడుతుంది. శబ్దం ఒక కిలోమీటరు దూరాన్ని మూడు సెకన్లలో దాటుతుంది. అంటే పది పేర్లు పూర్తయ్యాక ఉరుము వినిపించినా పిడుగు మూడున్నర కిలోమీటర్ల లోపలే పడింది. అది సురక్షితమైన దూరం కాదు. మెరుపుకు ఉరుముకు మధ్య ముప్పై సెకన్ల కన్నా తక్కువ వ్యవధి ఉంటే అప్పటికే పక్కా భవనంలో ఉండాలి, చివరి ఉరుము వినిపించిన తరువాత మరో ముప్పై నిమిషాలు బయటికి రాకూడదు. పేర్లు మూడుసార్లు చెప్పుకొనే లోపు ఉరుము వినిపిస్తే పని వదిలి వెళ్లాలని చెబితే ఏ పల్లెలోనైనా అర్థమవుతుంది.

పక్కా భవనం, లేదా లోహపు పైకప్పుతో పూర్తిగా మూసి ఉన్న కారు, బస్సు సురక్షితం. పైకప్పు లేని ట్రాక్టరు, ఆటో, పాక, నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు సురక్షితం కావు. విద్యుత్తు తీగలు, ఇనుప పైపులు కలిసే బోరు మోటారు వద్దకు పోకూడదు. ఎక్కడికీ వెళ్లే వీలు లేనప్పుడు ఎత్తైన గట్టును, చెట్టును, తీగ కంచెను విడిచి, ఒకరికొకరు దూరంగా, పాదాలు దగ్గరగా చేర్చి కూర్చోవడం కొంత మేలు. అది ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని తొలగించదన్న సంగతి దాచకుండా చెప్పాలి. పిడుగుపాటుకు గురైన వ్యక్తి శరీరంలో విద్యుత్తు నిలిచి ఉండదు. తాకితే షాక్ కొడుతుందని దూరంగా నిలబడే క్షణాలలోనే, ఆగిన గుండెను ఛాతీపై ఒత్తిళ్లతో మళ్లీ నడిపించే అవకాశం చేజారిపోతుంది. వడదెబ్బలోనూ ఆలస్యమే ప్రాణాంతకం. స్పృహ తప్పుతున్న వ్యక్తిని నీడకు చేర్చి, ఒంటినిండా నీరు పోసి విసరుతూ 108కి కబురు చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీరు గాని మజ్జిగ గాని పోయకూడదు.

హెచ్చరికల సాంకేతికతకు లోటు లేదు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన దామిని యాప్ సమీపంలో పడుతున్న పిడుగులను చూపుతుంది. భారత వాతావరణ విభాగం మూడు గంటల ముందస్తు సూచనలు రంగుల హెచ్చరికలతో జారీ చేస్తుంది. వ్యవసాయ వాతావరణ సలహాలు ప్రతి మంగళ, శుక్రవారాలలో వెలువడుతాయి. అయితే ఫోను యజమాని చేతిలో ఉంటుంది, లేదా గట్టు మీది సంచిలో ఉంటుంది. మిర్చి సాళ్ల మధ్య ఉన్న ముప్పై మందికి ఆ కబురు చేర్చే బాధ్యత ఎవరిదో ఎక్కడా రాసి లేదు. దానిని ముఠా మేస్త్రికి అప్పగించి, ఒక ఈల ఇచ్చి, శిక్షణ శిబిరాలకు రైతుతో పాటు మేస్త్రిని కూడా పిలిస్తే ఖర్చు ఏముంటుంది?

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు ప్రతి ఏటా గ్రామ వనరుల పటం గీస్తారు. చెరువు, కాలువ, నేలల రకాలు, గుడి, బడి అందులో ఉంటాయి. ప్రతి చేల గుంపు నుండి దగ్గరలోని పక్కా భవనానికి ఎన్ని నిమిషాల నడకో అదే పటంపై గుర్తించవచ్చు. గట్ల మీద నడిచి చేరడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టే చోట ఉరుము విని బయలుదేరడం ఆలస్యమే. అటువంటి చేలలో సూచన ఉన్న రోజున సాయంత్రపు పనే పెట్టుకోరాదు. ఏ గ్రామంలో అటువంటి చేలు ఎన్ని ఉన్నాయో తెలిస్తే ఆశ్రయం ఎక్కడ కట్టాలో పంచాయతీకి చెప్పవచ్చు. పరిశోధన క్షేత్రాలు ముందుగా తమ పటాలను తామే గీసుకోవాలి. చాలా చోట్ల క్షేత్ర కూలీల హాజరు ఇప్పటికీ కార్యాలయ వేళలనే అనుసరిస్తున్నది. పరిశోధక విద్యార్థి మిట్టమధ్యాహ్నం ఆకుల విస్తీర్ణం కొలుస్తూ మడిలో నిలబడుతున్నాడు.

మే నెలలో ఒక మంగళవారం వెలువడే సలహా ఈ విధంగా ఉండవచ్చు: “బుధ, గురువారాలలో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, సాయంత్రం ఉరుములతో వర్షానికి అవకాశం. కోత, ఏరివేత పనులు ఉదయం ఐదున్నర నుండి పదిన్నర వరకు మాత్రమే. ఈ రెండు రోజులు సాయంత్రం పనులు వద్దు. కల్లాలలోని రాశులను మధ్యాహ్నం రెండు గంటలలోపు కప్పి తాళ్లు బిగించండి, ఆ తరువాత కల్లం వద్దకు వెళ్లకండి. పిచికారీ శుక్రవారానికి వాయిదా వేయండి. మేస్త్రులు ఉదయమే దామిని చూసి, కూలీలకు ఆశ్రయం ఎక్కడో చేలో దిగకముందే చెప్పాలి.”